గొడ్లాసుపత్రి మెట్లెక్కిన ఆడకుక్క

గేదె ఈని మాయ వెయ్యకపోతే మూడోరోజుకల్లా ఆ వాసన వీధి మొగదల దాకా తెలుస్తుంది. గుంటూరు పక్కనున్న మా నల్లపాడులో దాన్ని ఎవరూ అసహ్యించుకోరు. "మాయ లోపలే ఉండిపోయింది, గొడ్ల డాక్టరుకి కబురు పెట్టండి" అంటారు, అంతే. జబ్బవాపు తగిలిన దూడ కండ పాడైన వెన్న వాసన వేస్తుందనీ, గాలికుంటు వచ్చిపోయిన ఎద్దు గిట్టల సందున కుళ్లు వాసన వస్తే పురుగు పడ్డట్టేననీ అక్షరం ముక్క రాని ముసలివాళ్లు కూడా చెప్పేవాళ్లు. పత్తికీ మిరపకీ నల్లరేగడి దున్నిన ఊరు మాది. గొడ్డు ఒంటి మీద ఏ వాసన ఎందుకు పుట్టిందో తెలియకపోతే ఆ ఏడు సేద్యం సాగదు.

ఇన్ని వాసనలు పసిగట్టే ఆ ముక్కే అరుగు కింద పడుకున్న ఆడకుక్క దగ్గరికొచ్చేసరికి మొద్దుబారుతుంది. "కుక్క కదా, కంపు కొట్టక ఏం చేస్తుంది" అని గొలుసు విప్పి దొడ్డివైపు తోలేస్తారు. మాయ ఉండిపోయిన గేదె గర్భసంచిలో ఏం జరుగుతుందో కుక్క గర్భసంచిలోనూ ఇంచుమించు అదే జరగొచ్చు. చీము పట్టించే సూక్ష్మజీవి ఎవరి గర్భసంచి అని అడిగి లోపలికి పోదు. మరి ఒక వాసనకు డాక్టరూ, ఇంకో వాసనకు కర్రా ఎందుకు వచ్చాయంటే, గొడ్లాసుపత్రి పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

నేను పశువైద్యశాలల్లో కాంపౌండరుగా చేసి దిగిపోయినవాణ్ణి. ఉద్యోగమంతా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనే గడిచింది. డాక్టరు పట్టా నాకు లేదు. సూదులు ఉడకబెట్టడం, మందులు కలపడం, కాళ్లు కట్టి పట్టుకోవడం, చీటీ రాయడం నా పని. కాబట్టి ఇదంతా డాక్టరు పక్కన నిలబడి చూసినవాడి మాట అనుకోండి.

ఈ దేశంలో పశువైద్యాన్ని సర్కారు పట్టించుకున్నది ఎద్దు కోసం. ముసర రోగం, అంటే రిండర్‌పెస్ట్, ఊళ్లకు ఊళ్లు కొట్టాలు ఖాళీ చేస్తుంటే హాలెన్ అనే సైనిక పశువైద్యుడి అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. దాని నివేదిక 1871లో వచ్చింది. 1889లో పుణెలో పెట్టిన ప్రయోగశాలను 1893లో హిమాలయాల దాపున ఉన్న ముక్తేశ్వర్‌కి తరలించారు, ముసర రోగం క్రిములు మైదానంలోకి పాకకుండా. 1903లో మద్రాసులో పశువైద్య కళాశాల తెరిచారు. తిరుపతి కళాశాల 1955లో గానీ రాలేదు, గన్నవరానిది 1998. అంటే గుంటూరు మద్రాసు కింద ఉన్న రోజుల్లో పట్టా పుచ్చుకున్న గొడ్ల డాక్టరంటే మద్రాసు చదువే. ఆ చదువు నడినెత్తిన కూర్చున్నది ముసర రోగం. 1954లో దేశమంతా టీకాల ఉద్యమం మొదలై, 1995లో చివరి కేసు కనబడి, 2011లో ప్రపంచం మొత్తం మీదే ఆ రోగం పోయిందని ప్రకటించేదాకా మా శాఖకు అదే పెద్ద లెక్క.

మా ప్రాంతానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒంగోలు జాతి పుట్టిల్లు ఇది. గుంటూరు పక్కన లాం ఫారంలో ఒకవైపు మిరప రకాలు తయారవుతుంటే, ఇంకోవైపు ఒంగోలు గిత్తల మీద పరిశోధన నడిచేది. ఒంగోలు దగ్గర కరవది ఊరి పేరు పెట్టుకున్న గిత్త ఒకటి 1960ల మొదట్లో ఓడెక్కి బ్రెజిల్ చేరింది. అక్కడి నెలోర్ అనే పశుజాతి మందల్లో దాని రక్తం ఇప్పటికీ పారుతోంది. అంతటి గొడ్డు ఉన్నచోట కుక్క గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? పాత పశువైద్యశాల కట్టుబడి చూసినా ఈ సంగతి తెలిసిపోతుంది. ముందు ఆవరణలో గేదెను నిలబెట్టే ఇనపగొట్టాల చట్రం ఉంటుంది. మందు పోసే వెదురుగొట్టం ఉంటుంది. కుక్కను పడుకోబెట్టే బల్ల ఉండదు. నేను కొలువులో చేరిన కొత్తలో కుక్కను వరండాలో గోనెపట్టా పరిచి చూసేవాళ్లం. రిజిస్టరులో ఎద్దులకూ గేదెలకూ గొర్రెలకూ గడులుండేవి. కుక్కను 'ఇతరములు'లో రాసేవాణ్ణి.

కుక్క ఆ గేటులోకి మొదట రోగిగా రాలేదు, ముద్దాయిగా వచ్చింది. పిచ్చికుక్క కరిచిందంటే పాతరోజుల్లో దక్షిణాది మనిషి ఎక్కడో హిమాచల్ కొండల్లోని కసౌలీ దాకా రైలెక్కాల్సివచ్చేది. అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1900లో మొదలైంది. 1907లో నీలగిరుల్లోని కూనూరులో రెండోది తెరిచాక ప్రయాణం కొంత తగ్గింది. కసౌలీలో సెంపుల్ అనే డాక్టరు గొర్రెమెదడుతో తయారుచేసిన టీకా 1911 నుంచి వాడుకలోకొచ్చింది. మన పెద్దవాళ్లు చెప్పే 'బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు' దానివే. 2005 వచ్చేదాకా దాన్ని పూర్తిగా ఆపలేదు. పాశ్చర్ మొదటి టీకా వేసింది 1885 జూలై 6న గనక ఏటా ఆ తేదీన మా శాఖ కుక్కలకు ఉచితంగా రేబీస్ టీకా వేస్తుంది. ఊళ్లో కుక్కలున్న ప్రతి ఇంటివాళ్లూ గొడ్లాసుపత్రి గడప తొక్కిన మొదటి సందర్భం చాలాచోట్ల ఆ జూలై 6. కుక్క నుంచి మనిషిని కాపాడటానికి పెట్టిన రోజు అది. కానీ ఆ వరసలో నిలబడ్డప్పుడే ఆడవాళ్లు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగేవాళ్లు: "బాబాయ్, మా కుక్కకి వెనకమాల నించి అదోరకం వాసనొస్తంది. దానికేమన్నా మందుందా?"

ఈ ప్రశ్న 1980ల తర్వాత పెరిగింది. పత్తి డబ్బు ఇళ్లలోకి వచ్చిన రోజులు. డాబా ఇంటికి గేటూ, గేటుకి తెల్లటి బొచ్చు పామరేనియనూ కలిసే వచ్చాయి. తర్వాత మిరప కోసం కోల్డ్ స్టోరేజీలు లేచాక ఆల్సేషన్లూ, డాబర్‌మ్యాన్లూ కాపలాకొచ్చాయి. డబ్బు పోసి కొన్న కుక్క గనక జబ్బు చేస్తే డాక్టరుకి చూపించాలన్న ఆలోచన వచ్చింది. నాటుకుక్కకి ఆ యోగం ఇంకా చాలాకాలం పట్టింది.

ఇప్పుడు అసలు వాసన సంగతి.

చిత్త కార్తె తెలియని రైతు లేడు. అక్టోబరు 10 ప్రాంతంలో మొదలై రెండువారాలుంటుంది. ఊరకుక్కలు ఎదకొచ్చేది ఆ చుట్టుపక్కలే. ఎదలో ఉన్న కుక్కకు మానం ఉబ్బుతుంది, మొదట్లో నెత్తురు, తర్వాత పల్చబడి ఎండుగడ్డి రంగు నీరు కారుతుంది. ఇదంతా కలిపి మూడు వారాలు. అప్పుడు కొద్దిపాటి వాసన ఉంటుంది, మగకుక్కలు ఊరవతల నుంచి వచ్చేది దానికే. దానికి మందు అక్కర్లేదు. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిది తర్వాతి భాగం. కుక్కకు చూలు నిలిచినా నిలవకపోయినా ఎద దాటాక దాదాపు రెండు నెలలు ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. గర్భసంచి లోపలి పొర దాని వల్ల మందమై, స్రావాలు ఊరి, పిల్లల కోసం పక్క వేసినట్టు తయారవుతుంది. ఎదలో గర్భసంచి మూతి తెరుచుకున్నప్పుడు పైకి పాకిన క్రిములకు, ముఖ్యంగా పేగుల్లో ఉండే ఇ-కోలైకి, ఆ పక్క బాగా పనికొస్తుంది. ఏడాదికేడాది ఎద వచ్చిపోతూ, పిల్లలు పెట్టకుండా వయసు మళ్లిన కుక్కల్లో ఇది ఎక్కువ. లోపల చీము నిండుతుంది. డాక్టర్లు దీన్ని పయోమెట్రా అంటారు.

ఎద అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇది బయటపడుతుంది. కార్తెల్లో లెక్కగడితే చిత్తలో ఎదకొచ్చినదానికి విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ గండకాలం. చలి మొదలై, పత్తి తీతలు ముమ్మరమై, ఇంట్లో ఎవరూ కుక్కవైపు చూడని కాలం. సంక్రాంతి దాటితే మిరపకాయ కల్లాలకెక్కుతుంది. మా ఊరికి మిర్చి యార్డూ, కోల్డ్ స్టోరేజీలూ కూతవేటు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించే రోజుల్లో ఆ ఘాటుకి తుమ్మడమే తప్ప ఇంకో వాసన ఆనదు. అరుగు కింద కుక్క కుళ్లిపోతున్నా ముక్కుకి అందని నెలలవి. ఇంట్లో పెరిగే జాతికుక్కలకు కార్తె పట్టింపు లేదు, చాలావాటికి ఏడాదికి రెండుసార్లు ఎద వస్తుంది. వాటికి కేలెండరు మీద తేదీ గీసి పెట్టుకోవడమే దారి.

పయోమెట్రాలో రకాలు రెండు. గర్భసంచి మూతి తెరుచుకుని ఉంటే చీము బయటికి కారుతుంది. ఇటుకరంగులోనో, పసుపుపచ్చగానో, నెత్తుటిజీరలతోనో తోకకీ తొడలకీ అంటుకుంటుంది, మాయ ఉండిపోయిన గేదె వాసనకు దగ్గరగా ఉంటుంది. కుక్క అదే పనిగా నాక్కుంటుంది గనక నేల మీద మరక పడకపోవచ్చు, నోరే కంపు కొట్టొచ్చు. రెండో రకంలో మూతి బిగుసుకుపోతుంది. వాసన ఉండదు, కారుడు ఉండదు. ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే. కుక్క తిండి మానేస్తుంది, కుండెడు నీళ్లు తాగుతుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, వాంతి చేసుకుంటుంది, పొట్ట ఉబ్బుతుంది, వెనకకాళ్లు ఈడుస్తుంది. నీళ్లు ఎక్కువ తాగడానికి ఎండ కారణం అనుకుంటారు, మార్గశిరంలో ఎండేమిటి? వాంతి చూసి పొట్టలో పురుగనుకుని నట్టలమందు పోస్తారు. పొట్ట చూసి చూలనుకుని బెల్లపన్నం పెట్టినవాళ్లను కూడా ఎరుగుదును. అన్నిటికన్నా ప్రమాదం ఒకటుంది: నాలుగురోజులు కంపు కొట్టి, ఐదోరోజు కంపు తగ్గితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మూతి మూసుకుపోయి ఉండొచ్చు. ఆ రోజే ఆటో మాట్లాడుకోవాల్సిన రోజు.

జ్వరం ఉందో లేదో చూసి తేల్చుకుందామంటే అదీ కుదరదు. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, మనకన్నా ఎక్కువ. చెయ్యి వేసి చూస్తే ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా కాలుతున్నట్టే ఉంటుంది. పయోమెట్రాలో కొన్నిటికి జ్వరమే ఉండదు. స్కానింగు, రక్తపరీక్ష చేసి డాక్టరే చెప్పాలి. చాలావాటికి వైద్యం గర్భసంచినీ అండాశయాలనీ తీసేసే ఆపరేషను. వయసులో ఉండి, మూతి తెరుచుకున్న కొన్ని కుక్కల్లో మందులతో ప్రయత్నించేవాళ్లున్నారు, అది డాక్టరు నిర్ణయం. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని అన్నంలో కలిపితే రెండురోజులు నెమ్మదించినట్టుండి మళ్లీ ఎత్తుకుంటుంది.

మనవైపు కుక్కలకే ఇలా అవుతుందనుకోవద్దు. స్వీడన్‌లో ఆడకుక్కలకు గర్భసంచి తీయించే అలవాటు తక్కువ, బీమా మాత్రం చేయిస్తారు. ఆ బీమా లెక్కలు తీసి 2001లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం పదేళ్లు నిండేలోపు దాదాపు నాలుగింట ఒక ఆడకుక్కకు పయోమెట్రా వచ్చింది. బీమా లేని నల్లపాడులో ఎవరు లెక్కగట్టారు? ఎద రాకుండా ఆపడానికి వేయించే హార్మోను ఇంజక్షన్లు కూడా ఈ జబ్బుకి దారితీస్తాయి. "పిల్లల బెడద లేకుండా ఒక సూది పొడిచెయ్యండి" అని అడిగేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి అది.

ఈనిన కుక్క లెక్క వేరు. కాన్పు తర్వాత ఆకుపచ్చ నలుపు కలిసిన స్రావం చూసి జనం బెదిరిపోతారు. కుక్కమాయలో ఉండే రంగు అది, మామూలే. రానురాను ఇటుకరంగుకి మారి మూడు వారాల్లో తగ్గిపోతుంది. కానీ కుళ్లు వాసన వేస్తూ, తల్లి పిల్లల దగ్గర పడుకోక, పాలు తగ్గి, పిల్లలు రాత్రంతా కుయ్యిమంటుంటే లోపల మాయో, చచ్చిన పిల్లో ఉండి ఉండొచ్చు. గేదెకి చేసినట్టే అదే పూట కబురు పెట్టాలి.

పత్తి ఊళ్ల చరిత్రలో రాయదగ్గ పాడు అలవాటు ఒకటుంది. వాసన వచ్చిన చోట చేలో కొట్టే పురుగుమందు పూయడం. 1980ల మధ్యలో తెల్లదోమ, తర్వాత పచ్చపురుగు పత్తిని తినేసినప్పుడు ఇక్కడి ప్రతి వసారాలో పురుగుమందు డబ్బాలు పేరుకున్నాయి. 1987లో పత్తి పోయిన రైతులు ఆ డబ్బాల్లోంచే తాగి చనిపోయారు. అవే డబ్బాల్లో మిగిలింది గోమార్లకని, పుండులో పురుగులకని కుక్కల ఒంటికి పూసేవాళ్లు. మానం దగ్గరో, తోక కిందో పుండై ఈగ వాలి పురుగు పడితే వచ్చే వాసన దుర్భరంగా ఉంటుంది, నిజమే. కానీ మోనోక్రోటోఫాస్ పూసిన కుక్క దాన్ని నాకి, నోట నురగ కక్కి, కాళ్లు కొట్టుకుంటూ మా గేటు దగ్గరికి వచ్చేది. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తే కొన్ని లేచేవి. పెద్దవాళ్లు సీతాఫలం ఆకు నూరి కట్టేవాళ్లు, కర్పూరం కొబ్బరినూనెలో కలిపి పూసేవాళ్లు. వాటితో పూర్తిగా నయమయ్యేదని అనను. కుక్క చచ్చేది మాత్రం కాదు. పురుగుమందు గురించి చెప్పిన మాటే ఫినాయిలు పోసేవాళ్లకీ.

చిత్త కార్తె వెళ్లిన నెలలకి కూడా నెత్తురు చుక్కలు పడుతూ, చెడువాసన వేస్తుంటే "దీనికి ఎద ఆగట్లేదు" అంటారు. చూస్తే మానం లోపల ఎర్రగా, గరుకుగా, ముట్టుకుంటే నెత్తురొచ్చే కండ పెరిగి ఉంటుంది. జతకట్టినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే కణితి ఇది. నొవిన్‌స్కీ అనే రష్యా పశువైద్యుడు 1876లో ఒక కుక్క కణితి ముక్కను ఇంకో కుక్కకు అంటుగట్టి పెంచి చూపించాడు. కణితిని ఒక ప్రాణి నుంచి ఇంకోదానికి మార్చవచ్చని లోకానికి తెలిసింది అలాగే. వేల ఏళ్ల కిందట ఆసియాలో ఎక్కడో బతికిన ఒకే ఒక్క కుక్క కణాలు ఇన్ని తరాలుగా కుక్క మారుతూ బతుకుతున్నాయని ఈమధ్య జన్యువులు చూసినవాళ్లు తేల్చారు. విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. దీనికి మందు విన్‌క్రిస్టిన్, వారానికొక సూది. కొన్ని వారాల్లో కణితి చాలావరకు కరిగిపోతుంది. ఆ మందు తీసేది మన పెరట్లో అడక్కుండా పెరిగే బిళ్లగన్నేరు నుంచి. ఆకు నూరి తాగించొచ్చా అని అడిగేవాళ్లుంటారు గనక చెబుతున్నా, వద్దు, అది విషం. ఎక్కడ, ఎంత, ఏ నరంలోకి అన్నది తెలిసినవాళ్ల పని.

మిగతావి తొందరలేని వాసనలు. నీచు వాసన వేస్తూ కుక్క పిర్రలు నేలకేసి రాస్తుంటే మలద్వారం పక్క తిత్తులు నిండినట్టు. మూత్రమే ఘాటుగా కంపు కొడుతూ చుక్కచుక్కగా పోస్తుంటే మూత్రాశయంలో చీము పట్టి ఉండొచ్చు. పులిసిన వాసన చెవుల్లోంచో, చర్మం ముడతల్లోంచో వస్తుంది. రెండు మూడు రోజుల్లో వీలు చూసుకుని వెళ్లొచ్చు. పిల్లకుక్కలకు మొదటి ఎద రాకముందు కాస్త జిగురు కారడం చాలాసార్లు దానంతటదే పోతుంది. కానీ మూత్రం పూర్తిగా ఆగిపోతే మటుకు అది తొందరలేని జబ్బు కాదు.

కుక్క లెక్క మారిన మలుపు ఒకటి చట్టంలోంచి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం నుంచే మద్రాసు కార్పొరేషను వీధికుక్కల్ని పట్టి చంపేది. తర్వాతి కాలంలో మన పురపాలక సంఘాలదీ అదే దారి. మద్రాసులోనే బ్లూక్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ వాళ్లు 1964 నుంచీ చంపొద్దు, గర్భసంచి తీసి వదలండి అని మొత్తుకున్నారు. 1996లో గానీ మద్రాసు కార్పొరేషను ఒప్పుకోలేదు. 2001 డిసెంబరులో దేశమంతటికీ నిబంధనలు వచ్చాయి, 2023లో కొత్తవి రాశారు. నల్లపాడు 2012లో గుంటూరు కార్పొరేషనులో కలిసింది గనక మా వీధికుక్కలు కూడా పంచాయతీ లెక్క నుంచి కార్పొరేషను లెక్కలోకి మారాయి. చెవి కొస కత్తిరించి ఉన్న ఊరకుక్క కనిపిస్తే ఆపరేషను అయినట్టు గుర్తు. ఆడదైతే దానికి గర్భసంచి లేదు, చీము పట్టే చోటే లేదు. ముప్పై వేలు పోసి కొన్న ల్యాబ్రడార్‌కి, ఒక్కసారైనా పిల్లలు పెట్టించాలని దాచిపెట్టిన దానికి, ఆ గండం ఏటా రెండుసార్లు ఎదురొస్తుంది. బజార్లో ఎంగిలాకుల దగ్గర తిరిగేది, ఈ ఒక్క విషయంలో, గేటులోపలి దానికన్నా అదృష్టవంతురాలు.

నన్ను ఇప్పటికీ ఫోనులో అడుగుతుంటారు, వాసనొస్తంది ఏం చెయ్యమంటారని. ఎద ఎప్పుడైంది, నీళ్లెన్ని తాగుతుంది, తింటుందా లేదా, కారేది ఏ రంగు అని నేను ఎదురడుగుతాను. ఎద అయి రెండు నెలలు దాటకుండా వాసనా, తిండి మానడమూ కలిసొచ్చినా, వాసన లేకుండా నీళ్లు తాగడమూ వాంతీ కలిసొచ్చినా ఈ పూటే తీసుకెళ్లమంటాను. ఫోను పెట్టేసేముందు ఇంకో మాట కూడా గట్టిగా చెబుతాను. నలుగురిలో నామర్దా అని మనవాళ్లు కుక్కకి డెటాల్ నీళ్లతో తల నుంచి తోక దాకా స్నానం చేయించి, పౌడరు అద్ది మరీ తీసుకొస్తారు. తోకకి అంటినదీ, తొడలకి ఎండిపోయినదీ అలాగే ఉంచి తీసుకెళ్లండి. డాక్టరు మొదట వాసన చూసేది దాన్నే.